మాట పడిపోయిన మనిషి మైక్ పట్టుకున్న రోజు: క్లిఫ్ మోర్గాన్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని చెప్తా. యూట్యూబ్‌లో 1973 బార్బేరియన్స్, న్యూజిలాండ్, గారెత్ ఎడ్వర్డ్స్ ట్రై అని వెతకండి. పాత వీడియో, బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. అరనిమిషం కూడా పట్టదు. ఒకసారి చూసేయండి. చూశాక ఫోన్ బోర్లా పెట్టి, మళ్ళీ ప్లే చేసి, ఈసారి వినండి. వినడం మాత్రమే.

విన్నారా? ఆ గొంతు ఎలా పైకి లేస్తుందో గమనించారా? ఎవరు ఆడుతున్నారో, రూల్స్ ఏంటో మనకి తెలియకపోయినా ఏదో పెద్ద విషయం జరుగుతోందని అర్థమైపోతుంది. ఆ గొంతు క్లిఫ్ మోర్గాన్‌ది. అంతకుముందు ఏడాది, 1972లో, ఆ మనిషికి పక్షవాతం వచ్చి ఒక పక్క శరీరం చచ్చుబడింది, మాట పడిపోయింది. ఇంకో విషయం, ఆ రోజు ఆ సీట్లో కూర్చోవాల్సింది కూడా ఆయన కాదు.

ఈ కథ నా కంట పడింది ఎలా అంటే, పోయిన నెల నాకు నాలుగు రోజులు గొంతు పోయింది. మామూలు జలుబే. కానీ డాక్టర్ గారు ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడైతే ఇది పండగ, మీటింగ్‌లో మ్యూట్‌లో కూర్చోవచ్చు. ఇప్పుడు తిండి పెట్టేది గొంతే కదా, కాస్త భయమేసింది. ఆ నాలుగు రోజులూ ఊరికే కూర్చుని, గొంతు మీద బతికినవాళ్ళ గురించి చదువుకుంటూ పోతే ఈయన దగ్గర ఆగిపోయా.

రగ్బీ అనగానే మీలో సగం మంది స్క్రోల్ చేసేస్తారని తెలుసు. ఆగండి. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడుకునే రగ్బీ ట్రోఫీ పేరేంటో తెలుసా? కలకత్తా కప్. అప్పట్లో కలకత్తాలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళు ఒక రగ్బీ క్లబ్ పెట్టుకున్నారు. అది మూతపడే టైమ్‌కి, 1878లో, బ్యాంకులో మిగిలిన డబ్బు మొత్తం వెండి రూపాయలుగా తీసి, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండ్ పంపించారు. దానికి పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. అంటే ఇప్పటికీ వాళ్ళు కొట్టుకుంటున్నది మన రూపాయల కోసమే అన్నమాట. సరే, ఇది పక్కదారి. వెనక్కి వద్దాం.

రూల్స్ రెండే రెండు గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్‌కి చాలు. జట్టుకి 15 మంది. బంతి చేత్తో పట్టుకుని ముందుకి పరిగెత్తొచ్చు, కానీ చేత్తో విసరాలంటే పక్కకో వెనక్కో తప్ప ముందుకి విసరకూడదు. బంతి ఉన్నవాడిని కబడ్డీలో రైడర్ని పట్టి పడేసినట్టు పడేయొచ్చు. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. జట్టులో 10వ నంబర్ వాడిని ఫ్లై హాఫ్ అంటారు. పాస్ ఇవ్వాలా, తన్నాలా, తనే దూరిపోవాలా అనేది ఎక్కువసార్లు వాడే డిసైడ్ చేస్తాడు. మోర్గాన్ ఆ పదో నంబర్. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

గ్రౌండ్‌లో ఉన్నంతసేపు 'అతను' అంటా, మైక్ పట్టుకున్నాక 'ఆయన' అంటా. ఏమనుకోకండి, నోరు అలా అలవాటైపోయింది.

1930 ఏప్రిల్ 7న వేల్స్‌లో ట్రెబానోగ్ అనే ఊళ్ళో పుట్టాడు. రోండా లోయ పక్కన. ఆ లోయ అంటే బొగ్గు. గోదావరిఖని, కొత్తగూడెం వైపు పెరిగినవాళ్ళకి ఆ వాతావరణం నేను వివరించక్కర్లేదు. షిఫ్టు సైరన్లు, నల్లబడ్డ ముఖాలు, అందరికీ అందరూ తెలిసిన వీధులు. నాన్న గనిలో కార్మికుడు. ఆదివారం వస్తే చాపెల్, అంటే వాళ్ళ చిన్న ప్రార్థన మందిరం. అక్కడ ఊరంతా కలిసి పాడతారు. మామూలుగా కాదు, నాలుగు స్వరాల్లో, ఎవరి వరస వాళ్ళు పట్టుకుని. వేల్స్ పాత పాస్టర్లకి ఇంకో అలవాటుంది. ప్రసంగం మామూలు గొంతుతో మొదలుపెట్టి, ఆవేశం పెరిగేకొద్దీ మాట కాస్తా పాటలోకి జారిపోతుంది. దానికి వాళ్ళ భాషలో 'హ్విల్' అని ఒక పేరే ఉంది. మన హరికథ దాసు గారు వచనం చెప్తూ చెప్తూ రాగంలోకి వెళ్ళిపోతారు చూడండి, దాదాపు అలాంటిది. ఇప్పుడు ఆ 1973 క్లిప్ ఇంకోసారి వినండి. నాకైతే ఆ చాపెల్ వినపడుతుంది.

టోనిరెఫైల్ గ్రామర్ స్కూల్లో నెడ్ గ్రిబుల్ అనే మాస్టారు ఇతన్ని పట్టుకుని రగ్బీ నేర్పారు. స్కూల్ నుంచి సరాసరి 1949లో కార్డిఫ్ క్లబ్‌కి, అక్కడి నుంచి 1951లో వేల్స్ జట్టుకి. మొదటి మ్యాచ్ ఐర్లండ్ మీద. ఎదురుగా అదే పదో నంబర్లో జాకీ కైల్, ఆ రోజుల్లో అందరూ గొప్పవాడని ఒప్పుకున్న ఆటగాడు. ఫస్ట్ డేనే క్లయింట్ సైట్‌కి పంపించినట్టు. మరుసటి ఏడాది 1952లో వేల్స్ గ్రాండ్ స్లామ్, అంటే ఆ సీజన్లో మిగతా నాలుగు దేశాల మీదా గెలిచింది.

1953 చలికాలంలో న్యూజిలాండ్ వాళ్ళు వచ్చారు. ఆల్ బ్లాక్స్ అంటారు వాళ్ళని, నల్ల జెర్సీలు. నవంబర్ 21న కార్డిఫ్ క్లబ్ వాళ్ళని 8-3తో ఓడించింది. డిసెంబర్ 19న వేల్స్ 13-8తో ఓడించింది. రెండింట్లోనూ మోర్గాన్ ఉన్నాడు. ఆ డిసెంబర్ తర్వాత ఇప్పటిదాకా వేల్స్ న్యూజిలాండ్‌ని మళ్ళీ ఓడించలేదు. 70 ఏళ్ళు దాటింది. తాత చూసిన గెలుపు మనవడు చూడలేదు అక్కడ.

కానీ పేరు మోగిపోయింది మాత్రం 1955లో, దక్షిణాఫ్రికాలో. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, ఈ నాలుగిట్లోంచి మంచి ఆటగాళ్ళని ఏరి లయన్స్ అని ఒక జట్టు కడతారు. ఆగస్టు 6న జొహన్నెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో మొదటి టెస్ట్. జనం దాదాపు 95,000. లయన్స్‌లో ఒకడికి కాలు దెబ్బతిని బయటికెళ్ళిపోయాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. 14 మందితోనే ఆడాలి. అప్పుడు మోర్గాన్ బంతి అందుకుని, దక్షిణాఫ్రికా వాళ్ళ బేసీ వాన్ వైక్ అనే గట్టి ఫార్వర్డ్ పక్కనుంచి బయటివైపుగా జారిపోయి ట్రై కొట్టాడు. కాసేపటికి స్కోరు 23-11 లయన్స్ వైపు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికా ఒక్కో పాయింటూ లాక్కుంటూ వచ్చి చివరి నిమిషాల్లో 23-22కి తెచ్చింది. ఇంకొక్క కిక్. అది గోలు దాటితే 24-23తో వాళ్ళదే మ్యాచ్. జాక్ వాన్ డర్ స్కైఫ్ తన్నాడు. పక్కకి పోయింది. అతను తల వంచుకుని నిలబడిపోయిన ఫోటో ఒకటుంది, ఇప్పటికీ చూస్తే జాలేస్తుంది.

మూడో టెస్ట్‌కి కెప్టెన్‌కి దెబ్బ తగిలితే మోర్గానే కెప్టెన్సీ చేసి ప్రిటోరియాలో 9-6తో గెలిపించాడు. సిరీస్ 2-2. అక్కడి పేపర్లు 'మోర్గాన్ ద మాగ్నిఫిసెంట్' అని రాశాయి.

ఆ టూర్‌లో ఇంకో పని కూడా చేశాడు. జట్టుకి పాటల మాస్టారు ఇతనే. రోజూ కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించేవాడు. విమానం దిగగానే స్వాగతానికి వచ్చిన జనం ముందు ఆ దేశపు పాట, సారీ మరైస్, ఆఫ్రికాన్స్ భాషలోనే అందరి చేతా పాడించాడు. జనం ఫిదా. ఈ ముచ్చట రగ్బీ వాళ్ళు ఇప్పటికీ చాలా ఇష్టంగా చెప్పుకుంటారు. నాక్కూడా మొదట విన్నప్పుడు భలే అనిపించింది. తర్వాత కొంచెం ఆగి ఆలోచించా. అది 1955. అపార్తైడ్ చట్టాలు నడుస్తున్న దేశం. దక్షిణాఫ్రికా జట్టులో తెల్లవాళ్ళు తప్ప ఎవరూ లేరు, ఉండనివ్వరు. స్టేడియంలో నల్లజాతి వాళ్ళకి విడిగా ఒక మూల. ఆ మూలలో కూర్చున్నవాళ్ళు తమ దేశం ఓడిపోవాలని అవతలి జట్టుకి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎయిర్‌పోర్ట్‌లో పాడిన పాట ఎవరి కోసం, ఎవరికి వినిపించింది? ఆ 25 ఏళ్ళ కుర్రాడిని నేను బోనులో నిలబెట్టడం లేదు. అప్పట్లో టూర్‌కి వెళ్ళడం తప్పని అనుకున్న ఆటగాళ్ళు చాలా తక్కువ. కానీ ఆ 95,000 అంకె చెప్పేటప్పుడు ఆ మూల సంగతి చెప్పకుండా వదిలేస్తే నాకే బాగోలేదు.

ఇప్పుడు మన జనరేషన్‌కి నమ్మబుద్ధి కాని పార్ట్. ఇంత ఆడినందుకు ఇతనికి ముట్టింది ఎంత? సున్నా. రగ్బీ యూనియన్‌లో 1995 దాకా డబ్బు తీసుకోవడం నిషేధం. దీని వెనక పెద్ద గొడవే ఉంది. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు, మా ఆటగాళ్ళు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, మ్యాచ్ రోజు కూలి పోతుంది, ఆ కూలి మేం ఇస్తాం అన్నాయి. దక్షిణాన ఉన్న పెద్దమనుషులు కుదరదన్నారు. పెద్దమనుషులకేం, శనివారం కూలి పోయేది కాదు. దాంతో ఆట రెండుగా చీలిపోయింది. డబ్బిచ్చేది రగ్బీ లీగ్, ఇవ్వనిది రగ్బీ యూనియన్. వేల్స్ బొగ్గు గనులు దెబ్బతిన్న 1920, 30ల్లో ఎంతోమంది మంచి ఆటగాళ్ళు ఉత్తరానికి వెళ్ళిపోయారు. వెళ్ళినవాడికి ఇటు తలుపు జీవితాంతం మూత.

మోర్గాన్ వెళ్ళలేదు. ఒక సీజన్ ఉద్యోగం కోసం డబ్లిన్‌లో ఉన్నాడు. అక్కడ బెక్టివ్ రేంజర్స్ క్లబ్‌కి ఆడితే జనం సరదాగా దాన్ని మోర్గాన్ రేంజర్స్ అనేశారు. 1956లో వేల్స్ కెప్టెన్. 1958లో, 28 ఏళ్ళకి, ఆట ఆపేశాడు. వేల్స్‌కి 29 మ్యాచ్‌లు, లయన్స్‌కి 4 టెస్టులు. ఈ అంకెలు ఇప్పుడు చిన్నగా కనిపిస్తాయి, అప్పట్లో ఏడాదికి జరిగేవే నాలుగైదు.

మరి 28కే ఎందుకు ఆపాలి? నాకు తోచింది చెప్తా. ఆట కూడు పెట్టదు. పోనీ ఆడుతూనే ఆట గురించి రాసుకుని, మాట్లాడుకుని సంపాదిద్దామా అంటే అదీ నిషేధమే. ఆ రూల్ ఎంత గట్టిదంటే, చాలా ఏళ్ళ తర్వాత అదే గారెత్ ఎడ్వర్డ్స్ 1978లో రిటైరై ఆత్మకథ రాసి డబ్బు తీసుకుంటే, నువ్వు ప్రొఫెషనల్‌వి అని ముద్ర వేసి ఆటలోంచి దూరం పెట్టేశారు. కాబట్టి ఇవాళ మనం చూసే పద్ధతి, అంటే నిన్న ఆడిన క్రికెటర్ ఇవాళ ఐపీఎల్ తెలుగు కామెంటరీలో కూర్చుని కబుర్లు చెప్పడం, అప్పుడు కుదిరేది కాదు. బూట్లు విప్పితేనే మైక్.

1958లోనే మోర్గాన్ గారు వేల్స్ బీబీసీలో స్పోర్ట్స్ ఆర్గనైజర్‌గా చేరారు. చూశారా, 'గారు' వచ్చేసింది. అంటే తెర మీద కనిపించే పని కాదు. ఎవరు ఏ మ్యాచ్‌కి వెళ్ళాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, ఆ పనులు. తర్వాత లండన్‌లో గ్రాండ్‌స్టాండ్ అనే పెద్ద స్పోర్ట్స్ ప్రోగ్రామ్‌కి ఎడిటర్. ఆ తర్వాత అవతలి చానల్, ఐటీవీలో దిస్ వీక్ అనే వార్తా కార్యక్రమం. ఆటలకి సంబంధమే లేదు, రాజకీయాలు, యుద్ధాలు. మాజీ ఆటగాడు కదా, ఏదో నాలుగు మాటలు చెప్పిస్తే సరి అన్నట్టు కాకుండా, పని మొత్తం కింది నుంచి నేర్చుకున్నారు. 1970 నుంచి ఎ క్వశ్చన్ ఆఫ్ స్పోర్ట్ అనే క్విజ్‌లో ఒక టీమ్ కెప్టెన్. ఎదుటి టీమ్‌కి బాక్సర్ హెన్రీ కూపర్. అప్పుడు ఇంటింటికీ తెలిసిన ముఖం అయ్యారు.

1972లో జర్మనీలో ఉండగా స్ట్రోక్. వయసు నలభైల మొదట్లోనే. మాట రాదు, ఒక పక్క కదలదు. అప్పటికి ఆయన ఫ్రీలాన్సర్. నెల తిరిగేసరికి అకౌంట్లో పడే జీతం లేదు. గొంతే పెట్టుబడి, అదే పోయింది. మా ఇంట్లో ఒకరికి ఇలాగే అయింది, దగ్గరగా చూశా. వాళ్ళకి పేర్లు గుర్తుంటాయి, నోటిదాకా వస్తాయి, బయటికి రావు. ఎదురుగా ఉన్న మనం తొందరపడి ఆ మాట మనమే అనేస్తే వాళ్ళ కళ్ళల్లో కోపం వస్తుంది. ఈయన అక్కడి నుంచి ఒక్కో మాటా తిరిగి తెచ్చుకున్నారు.

ఇక్కడ కాసేపు ఇంకో మనిషి గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బిల్ మెక్‌లారెన్. స్కాట్లండ్‌లో హాయిక్ అనే ఊరు. 1947లో స్కాట్లండ్ ట్రయల్ మ్యాచ్ ఆడాడు, ఇంక ఒక్క అడుగు, నేషనల్ టీమ్. అప్పుడు టీబీ వచ్చింది. చావు దాకా వెళ్ళాడు. అప్పుడే పరీక్షల్లో ఉన్న కొత్త మందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి బతికించారు. ఆట అయిపోయింది. శానటోరియంలో ఉండగానే అక్కడి ఆసుపత్రి రేడియోలో టేబుల్ టెన్నిస్ మ్యాచ్‌లకి కామెంటరీ చెప్పడం మొదలుపెట్టి, చివరికి ప్రపంచం మొత్తానికీ 'రగ్బీ గొంతు' అయ్యాడు, 2002 దాకా. ప్రతి మ్యాచ్‌కీ పెద్ద కాగితం మీద రంగురంగుల ఇంకుల్లో ప్రతి ఆటగాడి వివరాలూ చేత్తో రాసుకునేవాడు. ఎగ్జామ్ ముందు రోజు టాపర్ నోట్స్ ఉంటాయి చూడండి, అలా. జేబులో హాయిక్ పిప్పరమెంట్లు, కనపడినవాళ్ళకల్లా ఒకటి.

1973 జనవరి 27, కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్. ఆల్ బ్లాక్స్ టూర్‌లో బార్బేరియన్స్‌తో మ్యాచ్. బార్బేరియన్స్ అంటే సొంత గ్రౌండ్ కూడా లేని ఆహ్వాన జట్టు. పిలిచినవాళ్ళొచ్చి ఆడతారు, జెర్సీ ఒకటే కానీ మేజోళ్ళు ఎవరి క్లబ్‌వి వాళ్ళవి. వీడియోలో కాళ్ళు చూస్తే తెలుస్తుంది. అందులో చాలామంది 1971లో న్యూజిలాండ్ వెళ్ళి అక్కడే వాళ్ళని ఓడించి వచ్చిన లయన్స్. బీబీసీకి కామెంటేటర్ మెక్‌లారెన్. కానీ ఆయనకి ఒంట్లో బాగోలేదు. అప్పటికప్పుడు ఆ సీట్లో మోర్గాన్ గారు కూర్చున్నారు.

మ్యాచ్ మొదలై నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఆల్ బ్లాక్స్ వింగర్ బ్రయన్ విలియమ్స్ బంతిని లోతుగా తన్నాడు. అది బార్బేరియన్స్ గోలు గీత దగ్గరికి దొర్లుకుంటూ పోయింది. దాని వెనక ఫిల్ బెన్నెట్, వేల్స్ కొత్త పదో నంబర్. అలాంటి చోట బుద్ధున్నవాడెవడైనా బయటికి తన్నేస్తాడు. బెన్నెట్ వెనక్కి తిరిగి, ఒకడిని తప్పించి, ఇంకొకడిని, మళ్ళీ ఇంకొకడిని. సొంత గోలు ముందు! పక్కనున్న జేపీఆర్ విలియమ్స్‌కి ఇచ్చాడు. అతన్ని మెడ పట్టుకుని లాగారు, పడకుండానే పాస్ చేశాడు. జాన్ పుల్లిన్, జాన్ డాస్, టామ్ డేవిడ్, డెరెక్ క్విన్నెల్. క్విన్నెల్ అంచున ఉన్నవాడికి వేద్దామని వేసిన బంతిని మధ్యలోంచి రైలులా వచ్చిన గారెత్ ఎడ్వర్డ్స్ లాక్కుని, ఎడమ మూలన గాల్లోకి దూకి ట్రై కొట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరికి, గ్రౌండ్ మొత్తం.

ఇప్పుడు కామెంటరీ. నేను దీన్ని ఓ ముప్పైసార్లు విన్నా, కోడ్ రివ్యూ చేసినట్టు. అందులో ఎక్కువ భాగం ఏముందో తెలుసా? పేర్లు. ఉట్టి పేర్లు. వర్ణన దాదాపు లేదు. బెన్నెట్ బంతి అందుకోబోతుంటే, అతన్ని అలిస్టర్ స్కౌన్ తరుముతున్నాడని చెప్పారు. ఇది చిన్న విషయం కాదు. మనం బంతిని చూస్తాం, బంతి పట్టుకున్నవాడిని చూస్తాం. తరుముకొస్తున్నవాడిని చూసేది పదో నంబర్. ఎందుకంటే పదేళ్ళు వాళ్ళే ఆయన మీదికి దూకారు. ఆ ఒక్క పేరు చెప్పడంతో మనకి ప్రమాదం ముందే తెలిసిపోయింది. అందుకే బెన్నెట్ తప్పించుకోగానే ఆయన 'బ్రిలియంట్! ఓ, దట్స్ బ్రిలియంట్' అంటే మనక్కూడా ఊపిరి వస్తుంది. తర్వాత టామ్ డేవిడ్ దగ్గర 'హాఫ్‌వే లైన్' అని ఒక్క మాట. అంటే సగం గ్రౌండ్ వచ్చేశామని లెక్క చెప్పారు. చివర్లో, 'దిస్ ఈజ్ గారెత్ ఎడ్వర్డ్స్'. మిగతా అందరికీ ఉట్టి పేరు, ఇతనికి మాత్రం ఒక వాక్యం. అతని పరుగు చూడగానే ఇది ట్రై అని ఆయనకి తెలిసిపోయింది. ట్రై పడ్డాక 'వాట్ ఎ స్కోర్!'. కాసేపటికి, ఎంత గొప్ప రచయిత ఇలా రాసినా ఎవరూ నమ్మేవారు కాదు అన్న అర్థం వచ్చే మాట ఒకటి అన్నారు.

పేర్లు. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి అన్నిటికన్నా కష్టమయ్యేవాటిలో పేర్లు ఒకటి. ఆ స్పీడులో, వరసలో ఒక్కటి తడబడినా ఈ క్లిప్ ఇవాళ ఇలా ఉండేది కాదు. ఒక్కటీ తడబడలేదు.

మ్యాచ్ 23-11తో బార్బేరియన్స్ గెలిచారు. మెక్‌లారెన్ ఉండుంటే ఇంకా బాగా చెప్పేవాడా? రగ్బీ వాళ్ళు టీ కొట్టుల దగ్గర వాదించుకునే ప్రశ్న ఇది. మెక్‌లారెన్ మొత్తం మీద గొప్ప కామెంటేటర్, అందులో నాకు డౌట్ లేదు. 50 ఏళ్ళ పని ముందు అరనిమిషం ఏపాటిది. కానీ ఆ అరనిమిషం కాగితం మీద నోట్స్ చూసుకునే టైమ్ ఇవ్వదు. దానికి కాళ్ళకి గుర్తున్న ఆట కావాలి అని నా అభిప్రాయం. కామెంట్స్‌లో తిట్టుకోండి, పర్లేదు.

విచిత్రం ఏంటంటే ఇంత పేరు వచ్చాక ఆయన కామెంటరీ బాక్స్‌లో సెటిల్ కాలేదు. మళ్ళీ తెర వెనక్కే వెళ్ళారు. బీబీసీ రేడియోలో ఔట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్స్ బాధ్యత, 1976 నుంచి 1987 దాకా టీవీలో అదే విభాగానికి హెడ్. స్టూడియో బయట జరిగే ప్రతి లైవ్ కార్యక్రమమూ ఆయన కిందే. ఒలింపిక్స్, వరల్డ్ కప్‌లు, 1981 జూలై 29న చార్లెస్, డయానా పెళ్ళి. ఆ పెళ్ళిని ప్రపంచం మొత్తం మీద దాదాపు 75 కోట్ల మంది చూశారని అంచనా. బొగ్గు లోయ కుర్రాడు ఆ కెమెరాలన్నిటికీ పెద్ద. రిటైరయ్యాక రేడియో 4లో స్పోర్ట్ ఆన్ ఫోర్ అని శనివారం పొద్దున ప్రోగ్రామ్ చేశారు. అది ఏళ్ళ తరబడి నడిచింది. రేడియోలో ఆయన్ని విన్నవాళ్ళకి రగ్బీ ఆడేవాడని తెలియకపోయినా ఆ గొంతు తెలుసు.

తర్వాతది చెప్పడం నాకు కష్టంగా ఉంది. స్వరపేటికకి క్యాన్సర్ వచ్చింది. ప్రాణం నిలపాలంటే తీసేయాలన్నారు, తీసేశారు. మొదటిసారి పోయిన మాట తిరిగొచ్చింది. ఈసారి తిరిగొచ్చే దారి లేదు. చివరి రోజులు ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో బెంబ్రిడ్జ్ అనే ఊళ్ళో గడిచాయి. 2013 ఆగస్టు 29న పోయారు, 83 ఏళ్ళు. ఆయన ఆడిన బొమ్మలకన్నా ముందు నాకు గుర్తొచ్చేది ఆ 1973 క్లిప్పే. బొమ్మలో ఎడ్వర్డ్స్ పరిగెడుతుంటాడు, గొంతు ఈయనది.

క్లిప్ లింక్ కింద పెడుతున్నా. ఎల్లిస్ పార్క్ మ్యాచ్ బ్లాక్ అండ్ వైట్ ముక్కలు కూడా దొరికితే చూడండి, ఆ వాన్ వైక్‌ని దాటే పరుగు అందులో ఉంటుంది. వచ్చేవారం మెక్‌లారెన్ మీద ఫుల్ ఎపిసోడ్ చేయమంటారా, లేక కలకత్తా కప్ మీదా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా.